రేకుకీ నిప్పుకీ మధ్య

నేను ఒక గోనెసంచిని. కడుపులో ఊక. ఎవరూ లెక్కపెట్టని సరుకు.

పుట్టింది ఒక జనపనార మిల్లులో. ఎక్కడో తడినేలల్లో పెరిగిన నారని నానబెట్టి, చితకబాది, దువ్వి, పురిపెట్టి, నేసి, రెండు పక్కలా కుట్టి ఒక మూతి వదిలారు. ఆ మూతి కూడా బిగించి కట్టేయడానికే. ఈ సంగతి పుట్టిన నాడే తెలిసింది కాబట్టి తర్వాత ఎవరి మీదా ఆశ పెట్టుకోలేదు.

మొదటి యజమాని నర్సీపట్నంలో బియ్యం వ్యాపారి. నేను నిండుగా ఉన్నప్పుడు భుజాల మీద మోయించాడు. ఖాళీ అయ్యాక గుమ్మంలో పరిచి కాళ్లు తుడుచుకున్నాడు. తర్వాతి ఆయన కాఫీ గింజలు కొనేవాడు. నన్ను ముక్కుకి ఆనించుకుని కళ్లు మూసుకునేవాడు. నా మీద ప్రేమ అనుకున్నాను. గింజలు లారీ ఎక్కాక నన్ను మూలకి తన్నాడు. చిరుగులు పడ్డాక ఎవరో నాలుగు కుట్లు వేసి, బియ్యం మిల్లు వెనకాల ఊకకి అప్పగించారు. అక్కడినుంచి పాంగి త్రినాథ్ జీపులోకి వచ్చాను.

త్రినాథ్‌ది చింతపల్లి కొండల్లో పనసలబంద అనే ఊరు. చలికాలం వస్తే పట్నాల వాళ్లు ఆ కొండల మీదికి గుంపులుగా వస్తారు. గడ్డి మీద మంచు పేరుకుంటే చూడాలని, నోట్లోంచి పొగ వస్తే ఫొటో తీసుకోవాలని వాళ్ల కోరిక. త్రినాథ్ వాళ్లకి గుడారాలు వేస్తాడు, చలిమంట పెడతాడు. వణకడానికి డబ్బిచ్చి వచ్చిన ఆ మహానుభావులు గ్లాసులోకి ఐసు కూడా అడుగుతారు. అందుకని త్రినాథ్ కింది నుంచి ఐసు దిమ్మలు తెచ్చి ఊకలో కప్పి ఉంచేవాడు. మనుషుల గురించి నాకున్న అభిప్రాయం ఆ జీపులోనే స్థిరపడింది.

ఇక ఆ ఇంటి సంగతి. అంతకు ముందు దానికి కొండగడ్డి కప్పు ఉండేది. మూరెడు మందం. గడ్డి కొన్నేళ్లకోసారి మార్చాలి. మార్చడానికి ఊళ్లో చేతులు కలవాలి. కుర్రాళ్లంతా గుడారాల పనికి పోయాక చేతులు కలవడం మానేశాయి. త్రినాథ్ గడ్డి పీకించి నీలం రంగు రేకులు వేయించాడు. ఆ చలికాలంలోనే అతని తల్లి కాసులమ్మ దగ్గి దగ్గి పోయింది.

ఆమె దినం నాడు ఆమె మొగుడు బొంజన్న భోజనాల దగ్గర అందరూ వినేలా ఒక్కమాట అన్నాడు: "రేకే తినేసింది దాన్ని." ఆ మాట అని, కంబళి భుజాన వేసుకుని పశువుల పాకలోకి మారిపోయాడు. పాకకి ఇంకా గడ్డి కప్పే. కొడుకుతో మాట్లాడాల్సి వస్తే దెప్పడానికే మాట్లాడేవాడు. కాసులమ్మ ఏళ్ల తరబడి పొయ్యి పొగలో దగ్గుతూనే ఉందని ఊరంతటికీ తెలుసు. నిజంగా రేకే చంపిందా? నేను అప్పటికి లేను. లేనిదానికి సాక్ష్యం చెప్పను.

మరుసటి చలికాలానికి కోడలు ఈశ్వరికి ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండకుండానే పుట్టింది, పిచ్చుకంత ఉంది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఒకటే చెప్పారు, బిడ్డ ఒళ్లు చల్లబడకూడదని. ఈశ్వరి పగలూ రాత్రీ పొయ్యి ఆరనివ్వలేదు. పచ్చి బాలింత, తనే అడవికి పోయి కట్టెలు తెచ్చేది. మోపులకు మోపులు కాలిపోయేవి. పొయ్యి ముందు కూర్చుంటే మొహం కాలేది, వీపు గడ్డకట్టేది. వెచ్చదనం గదిలో నిలిస్తే కదా. గది మీద పరిచిన వెదురు అటక సందుల్లోంచి పైకి లేచి, రేకుకి తగిలి, ఆకాశంలోకి పోయేది. ఇంటిల్లిపాదీ కలిసి కొండకి చలిమంట వేసిపెడుతున్నట్టు ఉండేది.

ఒక పొద్దున ఈశ్వరి జీపులోకి తొంగిచూసింది.

"నిన్నటి ఐసు ఇంకా కరగనేదేటి?"

"ఊకలో ఎట్టినాం కదేటే," అన్నాడు త్రినాథ్.

"సల్లదనాన్ని పోనీని ఊక ఎచ్చదనాన్ని మాత్తరం పోనిస్తాదా? ఐసుకున్న యోగం నా గుంటపిల్లకి నేదేటి?"

త్రినాథ్ తల గోక్కున్నాడు. ఆ సాయంత్రానికల్లా నన్నూ, ఇంకా నాలాంటివాళ్లనీ అటక ఎక్కించాడు.

అక్కడ చేశాడు తప్పు. ఏడాదిగా ఆ ఇంట్లో రేకు తప్ప మరో మాట లేదు. తండ్రి రేకునే తిట్టాడు, చుట్టాలు రేకునే చూసి నిట్టూర్చారు. దాంతో త్రినాథ్‌కి చలి అంటే రేకే. ఇనప తీగ తెచ్చి మమ్మల్ని రేకుల అడుగునే వేలాడదీసి కట్టాడు. తప్పు చేసినవాడి నోరు గుడ్డతో మూసినట్టు. వెచ్చదనం పారిపోతున్నది కాళ్ల కింది వెదురు సందుల్లోంచి. వాటిని చూసినవాడు లేడు.

వేడి, గంజి ఆవిరి, పొగ అన్నీ ఎప్పటిలాగే అటకలోకి లేచాయి. మమ్మల్ని దాటి రేకుకి తగిలి నీళ్లయ్యాయి. తెల్లారేసరికి మేమంతా తడిసి ముద్దయ్యాం. నాలోంచి బొట్టు బొట్టుగా నీళ్లు కారి, సరిగ్గా కింద గుడ్డ ఉయ్యాల మీద పడ్డాయి.

బొంజన్న పాలచెంబు ఇవ్వడానికి వచ్చి గుమ్మంలో ఆగాడు. పైకి చూశాడు. వయసంతా ఇళ్లు కప్పినవాడు. ఒక్క చూపుతో అర్థమైంది అతనికి.

"ఒరే తిరినాదూ, నీ రేకు ఏడుస్తందిరా. మీ యమ్మ పోయిన్నాడు ఏడవనేదు, ఇప్పుడేడుస్తంది."

"తప్పెక్కడుందో సెప్పొచ్చుగదా అయ్యా."

"నాకేటి తెల్సు? గడ్డి కప్పుకునేవోన్ని. రేకు సంగతి నీదే."

చెంబు పెట్టేసి పోయాడు. నడకలో కాస్త హుషారు కూడా ఉంది. నేను చూశాను.

ఈశ్వరి నన్ను విప్పి కిందికి లాగి, ఆరడానికి పాక గోడకి ఆనించింది. తర్వాత జరిగింది అందుకే నాకు తెలుసు.

ఆసుపత్రి నర్సమ్మ వచ్చి బిడ్డ అరికాళ్లు ముట్టుకుంది. మొహం మాడ్చుకుంది. "ఇల్లాగే సల్లగుంటే కిందికి పెద్దాసుపత్రికి తీసుకుపోవాల. ఈ మంచులో ఘాటు రోడ్డు దిగడం ఈ పిల్లకి మంచిది కాదు. అలాగని ఇక్కడుంచడమూ మంచిది కాదు," అని చెప్పి పోయింది.

ఈశ్వరి ఏడవలేదు. బిడ్డని చీరలో చుట్టుకుని పాకలోకి వచ్చి, నులక మంచం మీద కూర్చున్న బొంజన్న ఒళ్లో పెట్టింది.

"ఇదిగో మావా. నీ పాక ఎచ్చగుంటాది గదా. ఉంచు."

ముసలాయన ఉలిక్కిపడ్డాడు. ఆ పిల్లని అంతవరకూ ఎత్తుకోలేదు. తర్వాత అతని మొహంలోకి నెమ్మదిగా గెలుపు వచ్చింది. ఏడాదిగా ఎదురుచూసిన గెలుపు.

"ఇప్పుడు తెల్సిందా? గడ్డిని పీకినోడికి బుద్ధి రావాల. ఇక్కడే ఉంచు. ఆడికి బుద్ధొస్తాది."

"బుద్ధి ఆడికొస్తాది. జొరం దీనికొస్తాది. ఆవుల ఈగలు, పేడ తడి, పొగ. అయినా ఉంచు. నీ పంతం నెగ్గాల గదా."

"ఒలే, నోరు బాగా లెగుస్తంది నీకు."

"అత్తని రేకే తినేసిందన్నావు. సరే, అలాగే అనుకుందాం. తప్పెక్కడుందో నీకు తెల్సు, సెప్పనేదు. రేపు దీనికేటైనా అయితే ఎవల్ని అంటావు మావా? రేకునేనా?"

బిడ్డ కాలు గుడ్డలోంచి బయటికి వచ్చింది. బొంజన్న బొటనవేలంత ఉంది. దాన్ని గుప్పిట్లో పట్టుకున్నాడు. చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. గడ్డి కప్పు కింద, ఆవుల మధ్య, ఊరంతటిలో తన దగ్గరే ఉందనుకున్న వెచ్చదనం చాల్లేదు. ఆ కాలు వేడెక్కలేదు.

బిడ్డని తల్లికి ఇచ్చేసి లేచాడు. భార్య పోయాక మొదటిసారి ఆ ఇంటి నిచ్చెన ఎక్కాడు.

తీగలన్నీ తెంచాడు. మమ్మల్ని ఒక్కొక్కరినే కిందికి విసిరాడు. తడి ఊకని ఎండలో పోయించాడు, కుళ్లినదాన్ని పెంటకుప్పలో వేయించి త్రినాథ్‌ని మళ్లీ మిల్లుకి తోలాడు. ఎర్రమట్టీ పేడా తొక్కించి వెదురు మీద దట్టంగా మెత్తాడు, ఒక్క సందు లేకుండా. నిప్పురవ్వ ఎగిరినా ఊకకి అంటకూడదు కదా. పొయ్యి పక్క గోడలో పొగ పోవడానికి కన్నం కొట్టాడు. మట్టి ఆరాక మమ్మల్ని దాని మీద పక్కపక్కనే, ఒకరినొకరు ఒత్తుకునేలా పరిచాడు. చూరు కింద సందులు మాత్రం మూయనివ్వలేదు. రేకుకీ మాకూ మధ్య గాలి ఆడాలన్నాడు. లేకపోతే మళ్లీ ఏడుపే. అటక మూతికి చెక్క తలుపు పెట్టాడు.

పని జరిగినంతసేపూ తండ్రీ కొడుకుల మధ్య నడిచిన మాటలు ఇవి.

"మట్టి."

"ఇదిగో."

"సంచి."

"ఇదిగో."

"సూసుకుని ఎయ్. కళ్లు గుడారాల్లో ఎట్టొచ్చినావేటి?"

"ఇదిగో అయ్యా."

పని ముగిసిన రాత్రి అదే పొయ్యి, రెండే కట్టెలు. వెచ్చదనం పైకి వచ్చింది, మట్టిని తాకింది, నన్ను తాకింది, దారి లేక వెనక్కి దిగింది. కింద ఈశ్వరి బిడ్డ పాదాల్ని చెంపకి ఆనించుకుని చూసింది. మళ్లీ ఆనించుకుంది. తర్వాత గోడకి చేరగిలబడి, చాలా రోజుల తర్వాత, నోరు తెరుచుకుని నిద్రపోయింది. బిడ్డ కొండ దిగాల్సిన పని పడలేదు.

ఇప్పుడు నా బతుకంతా చీకటే. పైన రేకు మంచుకి బిగుసుకుంటుంది. కింద నిప్పు. మధ్యలో నేను. ఇంట్లో నన్ను తలుచుకునే వాళ్లు లేరు. తలుచుకోవాల్సి వచ్చిందంటే ఏదో చెడిందనే. ఎప్పటికో ఎలుకలు కొరుకుతాయి, ఊక మన్నవుతుంది. ఏమీ ఫర్వాలేదు. బియ్యం మోసినప్పటి కంటే ఇక్కడే నా బరువు నాకు తెలుస్తోంది.

బొంజన్న క్షమించాడని ఎవరైనా అనుకుంటే పొరపాటు. కొండ మీద పట్నం వాళ్లు మంచుని చూసి కేకలు పెట్టే వేళకి రోజూ వస్తాడు. అరచెయ్యి పైకెత్తి అటక అడుగున ఒకసారి రాసి చూస్తాడు. ఉయ్యాల దగ్గర వంగి బిడ్డ కాళ్లు గుప్పిట్లో పట్టుకుంటాడు.

"ఇక్కడే తొంగోరాదా అయ్యా," అంటాడు త్రినాథ్. "పాకలో సలి గదా."

"రేకు కింద నాను తొంగోను."

అని లేచి పోతాడు. పోతూ వెనక్కి తిరగడు గానీ, తలుపు మాత్రం గట్టిగా దగ్గరికి లాగుతాడు. బయట నిలబడి, అది సరిగ్గా పడిందో లేదో చేత్తో ఒకసారి నెట్టి చూసుకుంటాడు.