మేలు కోరితే వెలిగే రాయి

మా ఆయన నలభై ఏళ్ళలో ఒక్క రాయి కూడా చెడగొట్టలేదు. ఈ మాట ఆయన రోజుకు నాలుగుసార్లు అంటాడు కాబట్టి నాకు కంఠతా వచ్చు. ఆయన రాళ్ళకు సానపడతాడు, సాన చక్రం తిప్పేది నేను. ఊరంతా ఆయన చేతిపనిని మెచ్చుకుంటుంది, నా భుజం నొప్పి మాత్రం ఎవరికీ పట్టదు. సరే, ఆ గోల ఇప్పుడెందుకు.

ఒకరోజు కోట నుంచి ముడిరాయి ఒకటి వచ్చింది. మీదంతా నల్లటి పెంకు. ఎవరో మంత్రగాడు రాజుగారికి ఇచ్చాడట. పెంకు తీసి సానపట్టాక దాన్ని ఎవరైనా చేతిలో పట్టుకుంటే, వాళ్ళ మేలు మనసారా కోరే మనిషి ఆ గదిలో ఒక్కరున్నా చాలు, ఎర్రగా వెలుగుతుందట. లేకపోతే ఉత్త నల్లరాయేనట. దాన్ని పట్టుకుని సభలో కూర్చుని, తనవాళ్ళెవరో తేల్చుకోవాలని రాజుగారి ముచ్చట. తెచ్చిన భటుడు వెళ్తూ వెళ్తూ, రాజుగారి రాయి చెడగొట్టినవాడికి కుడిచేతి బొటనవేలు తీసేస్తారని కూడా గుర్తుచేశాడు. మాకు తెలియని చట్టమేం కాదు. అయినా గుమ్మంలో నిలబడి చెబితే గుండె గుభేల్మంది.

పదకొండు రోజులు పట్టింది. పన్నెండో రోజు పొద్దున చూద్దును కదా, చివరి మెరుగుకని సానపొడి కలుపుకోవడానికి ఈ మహానుభావుడు నా వంటగిన్నె తీసుకున్నాడు! నేను ఊరుకుంటానా? ఆయన్నీ, ఆయన చేతిపనినీ, నన్ను ఆయనకిచ్చి చేసిన మా నాన్ననూ కలిపి దులిపేస్తున్నాను. అప్పుడు వెలిగింది ఆయన చేతిలో రాయి. గోడలు కూడా ఎర్రబడ్డాయి.

"తిట్టవే, ఇంకా తిట్టు. బ్రహ్మాండంగా వెలుగుతోంది" అన్నాడు ఆయన, ముఖం చేటంత చేసుకుని.

నాకు ఒళ్ళు మండిపోయింది. పరువు తీసింది వెధవ రాయి.

ఆ నవ్వులకు మా అత్తగారు లోపల్నుంచి వచ్చింది. ఈ ఇంట్లో తనని పట్టించుకునే దిక్కు లేదని ఆవిడ పాతికేళ్ళుగా పక్కింటివాళ్ళకు చెబుతూ ఉంటుంది. ఏదీ ఇలా ఇవ్వమని రాయిని అందుకుంది. అది ఆవిడ చేతిలోనూ అంతే ఎర్రగా వెలిగింది. ఆవిడ నావంక చూసింది, కొడుకువంక చూసింది, మళ్ళీ నావంక చూసింది.

"అమ్మాయ్, ఇది పాడైపోయినట్టుంది" అని కొడుకు చేతిలో పెట్టేసి వెళ్ళిపోయింది.

రాయి కోటకు వెళ్ళింది. నాలుగోరోజు భటులు వచ్చారు. మూడు రోజులుగా రాజుగారు రాయి పట్టుకుని నిండు సభలో కూర్చుంటున్నారట, అది మాత్రం ఒక్కసారి కూడా వెలగలేదట. సానపట్టినవాడు చెడగొట్టాడని మంత్రిగారు తేల్చేశారట. "రాయిని కాదు, సభను బాగుచేసుకోమనండి" అనబోయాడు మా ఆయన. నేను ఆయన నోరు మూసి లాక్కెళ్ళాను. చక్రం తిప్పినదాన్ని కదా, నన్నూ రమ్మన్నారు.

సభలో రెండొందల మంది ఉన్నారు. రాజుగారి పక్కన రాణిగారు, ఇద్దరు కొడుకులు, ఆ కింద మంత్రి, సేనాపతి, వైద్యుడు, ఇంకా ఎవరెవరో. తలారి కూడా వచ్చి ఒక పీట, ఒక కత్తి పెట్టుకుని ఓ పక్కన నిలబడ్డాడు. ఆ పీట మీద నుంచి నా చూపు మళ్ళలేదు. బొటనవేలు లేనివాడు రాయిని పట్టలేడు. రాయి పట్టలేకపోతే మా ఆయన ఇంకేం చేస్తాడు? ఆయనకు ఇంకేమీ రాదు, అన్నం కూడా సరిగ్గా వడ్డించుకోలేడు.

"చెడగొట్టావా?" అని అడిగారు రాజుగారు.

"నలభై ఏళ్ళలో ఒక్కటీ చెడగొట్టలేదు ప్రభూ. మా ఇంట్లో వెలిగింది" అన్నాడు మా ఆయన.

"మీ ఇంట్లోనా!" అంటూ మంత్రిగారు నవ్వారు. అందరూ నవ్వారు.

రాజుగారు నవ్వలేదు. రాయిని చేతిలో అటూ ఇటూ తిప్పారు. పైట చెంగుతో నేను గాజులు తుడుచుకున్నట్టు, ఆయన దాన్ని పట్టుబట్టకేసి రుద్దారు. నోటి ఆవిరి పట్టించి చూశారు. ఎవరూ చూడటం లేదనుకుని చెవి దగ్గర పెట్టుకుని ఊపారు. అరవై ఏళ్ళ మనిషి. అయ్యో పాపం, అనిపించింది నాకు. అంతే, ఇంకేమీ లేదు. ఈయనకి ఒక్కళ్ళన్నా ఉంటే బాగుండును కదా అనుకున్నాను.

రాయి భగ్గుమని వెలిగింది.

ఇక చూడాలి ఆ తోపులాట! "నావల్లే ప్రభూ!" అని మంత్రి, "ఇప్పుడే మీ ఆరోగ్యం గురించి తలుచుకున్నాను" అని వైద్యుడు, మాట రాక ఛాతీ చూపిస్తూ సేనాపతి, అందరూ ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ ముందుకొచ్చారు. రాజుగారు చెయ్యెత్తి ఆపారు. తెలివితక్కువవాడేం కాదు ఆయన. ఒక్కొక్కరినీ బయటికి వెళ్ళమన్నారు. మంత్రి వెళ్ళాడు, రాయి వెలుగుతూనే ఉంది. సేనాపతి వెళ్ళాడు. కొడుకులు వెళ్ళారు. రాణిగారు లేచి వెళ్ళారు, వెలుగు రవ్వంత కూడా తగ్గలేదు. నాకే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చివరికి తలారిని, మా ఆయన్ని కూడా పంపేశారు.

అంత పెద్ద మండపంలో రాజుగారు, నేను, ఆ ఎర్రటి వెలుగు మిగిలాం.

"నువ్వా?" అన్నారు. "నీ మొగుడి వేలు తీయిస్తున్నవాడిని నేను. ఎందుకు?"

అబద్ధం ఏం చెబుతాను, ఆయన చేతిలోనే ఉంది సాక్ష్యం. "జాలేసిందయ్యా" అన్నాను.

ఆయన మూసిన తలుపులవంక ఒకసారి చూశారు. తర్వాత గొంతు తగ్గించి అన్నారు. "రాయి బాగుందని చెబితే, మూడు రోజులు ఎందుకు వెలగలేదో కూడా చెప్పాలి. రేపు మళ్ళీ నేను ఆ రెండొందల మంది మధ్యే కూర్చోవాలి. కాబట్టి రాయి చెడిపోయింది. లోపల పగులుంది, దానంతటదే వెలుగుతుంది, ఆరుతుంది. మీ ఆయన చెడగొట్టానని సభలో ఒప్పుకుంటాడు, నేను దయతలిచి వేలు వదిలేస్తాను. ఇక్కడ జరిగింది ఆయనతో సహా ఎవరికైనా చెప్పావో, ఇద్దరి తలలూ ఉండవు."

చూశారా, జాలిపడినందుకు బహుమానం!

బయట వసారాలో మా ఆయనకి చెప్పాను, రాయిలో పగులుందట, దానంతటదే వెలిగి ఆరుతోందట, చెడగొట్టానని ఒప్పుకుంటే వేలు ఉంటుందని. నేననుకున్నట్టే అయింది.

"వేలు తీసుకోమను. చెయ్యని తప్పు చేశానని మాత్రం అనను" అన్నాడు.

బతిమాలాను. తిట్టాను. కాళ్ళు పట్టుకుంటానన్నాను. ఊహూఁ. ఎదురుగా తలారి కత్తి తుడుచుకుంటున్నాడు. ఇంక దారి లేదు.

"ఏవండీ, మీ పక్కన ఉండి చక్రం తిప్పినదాన్ని. పదకొండో రోజు మీ చెయ్యి వణికింది. నేను చూశాను. మీరు బాధపడతారని చెప్పలేదు" అన్నాను.

ఆయన నావంక చూశాడు. నేను ఆయనకి చేతిపని విషయంలో ఎన్నడూ అబద్ధం చెప్పలేదు, అది ఆయనకి తెలుసు. అందుకే నమ్మాడు. ముందు తన చేతివంక చూసుకున్నాడు, ఎవరిదో చెయ్యి చూసినట్టు. తర్వాత లోపలికి నడిచాడు.

"చెడగొట్టాను ప్రభూ. చెయ్యి వణికింది" అన్నాడు, అందరూ తిరిగొచ్చి నిండిన సభలో. రాయిలో పగులుందని, దయతలిచి వేలు వదిలేస్తున్నానని రాజుగారు ప్రకటించారు.

సభ మొత్తం ఊపిరి పీల్చుకుంది. రాజుగారి దయాగుణాన్ని పొగుడుతూ మంత్రి చప్పట్లు మొదలుపెట్టాడు, రెండొందల మందీ అందుకున్నారు. ఆ సంబరం చూస్తే ఎవరికో పట్టాభిషేకం అనుకోవాలి. మధ్యలో మా ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. నలభై ఏళ్ళ మాట ఇక ఈ జన్మలో ఆయన నోట వినను. రోజూ విసుక్కుంటూ విన్న ఆ మాట కోసం నాకు ఏడుపొచ్చింది.

నేను రాజుగారివంక చూశాను. ఇందాకటి జాలి వెతికినా దొరకలేదు, నువ్వు నాశనమైపోను అనుకున్నాను, మనసారా.

రాజుగారు రాయిని పిడికిట్లో బిగించి పట్టుకున్నారు, దాని మీద ఇంకో చెయ్యి కప్పారు. నేను సభ దాటేదాకా నావంకే చూస్తూ కూర్చున్నారు. ఆ పిడికిలి మాత్రం విప్పి చూసుకోలేదు.