చార్టు మీద లేని పేరు

నేను ఒక చార్టును. నాలుగు నిలువు, మూడు అడ్డం, మొత్తం పన్నెండు గళ్ళు. ఇంగ్లీషులో క్రియ ఏ కాలంలో ఏ రూపంలో ఉంటుందో, ఉత్తరం రాయడం అనే ఒక్క పనినే ఉదాహరణగా తీసుకుని, ఆ గళ్ళలో రాసి ఉంటుంది. నాకిప్పుడు ముప్ఫై ఎనిమిదేళ్ళు. గోడ మీద ఉన్నన్నాళ్ళూ పిల్లలు నన్ను గొంతు చించుకుని చదివారు. అంత గట్టిగా అర్థం చేసుకున్నవాళ్ళు తక్కువ. వాళ్ళకు అర్థం కానప్పుడల్లా బెత్తం దెబ్బ నాకే తగిలేది. నా నడిమి గడిలో ఆ మొన చేసిన చిల్లు ఇప్పటికీ ఉంది.

నన్ను తయారుచేసింది శేషారత్నం గారు. ఆవిడ భర్త పానకాలరావు మాస్టారు బాపట్ల దగ్గర ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. ఇన్‌స్పెక్షను వస్తోంది, గోడకు చార్టు ఉండాలి, మాస్టారి చేతిరాత కోడి కెలికినట్టుండేది. ఎనిమిదో తరగతితో బడి మానేసిన ఆవిడ అక్షరాలు మాత్రం ముత్యాలు. డ్రాయింగు షీటు వెనక మాస్టారి పాత పంచె ముక్కను మైదా జిగురుతో అతికించి, ఎనిమిది సాయంత్రాలు కూర్చుని, నల్లసిరాతో మాటలు, ఎర్రసిరాతో క్రియలు రాసింది.

నాలుగో సాయంత్రం చెయ్యి ఆపి అడిగింది. "ఏవండీ, ఈ గడిలోనూ ఉత్తరం రాయడం అయిపోయింది, ఆ గడిలోనూ అయిపోయింది. మరి రెండు గళ్ళెందుకు?"

మాస్టారు పేపర్లోంచి తల ఎత్తలేదు. "నువ్వు చూసి రాయి. అర్థం సంగతి నేను చూసుకుంటాలే."

ఆవిడ మళ్ళీ అడగలేదు. కానీ ఆ రెండు గళ్ళ దగ్గర కలం చాలాసేపు ఆగింది. అంతా అయ్యాక కింది మూలన చిన్న పూలతీగ గీసి, దాని మధ్య 'తయారుచేసినవారు: పానకాలరావు, బి.ఏ., బి.ఇడి.' అని అన్నిటికంటే శ్రద్ధగా రాసింది.

సాయంత్రాలు ట్యూషను కోసం మాస్టారు నన్ను ఇంటికి తెచ్చి ముందు గదిలో తగిలించేవారు. నా ఎదురుగా వంటింటి గుమ్మం. అక్కడ ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చునేది. పిల్లలు తడబడినప్పుడు ఆవిడ పెదవులు కదిలేవి. మాస్టారి వీపు అటు ఉండేది గనక అది చూసింది నేనొక్కదాన్నే.

మస్తానమ్మ అని తొమ్మిదో తరగతి పిల్ల ఉండేది. తెలివైనదే. కానీ 'ఐ రోట్'కీ 'ఐ హావ్ రిటెన్'కీ తేడా ఎంతకీ ఎక్కలేదు. జరిగిన పని ఫలితం వర్తమానంలో నిలిచి ఉండటం అని మాస్టారు మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ ఆ పిల్ల తల ఊపింది, నాలుగోసారి ఏడుపుముఖం పెట్టింది.

అప్పుడు గుమ్మంలోంచి మాట వచ్చింది. "అమ్మాయ్, పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం ఒకటి. ఇప్పుడే దించాం, ఇంకా పొగలు వస్తున్నాయి, అదొకటి. నిన్న తినేసి తపేలా తోమి బోర్లించాం, అదింకొకటి. చివరి రెండూ వండినవే. ఇప్పుడు నీ కంచంలోకి వచ్చేది ఏదో చూసుకో."

మస్తానమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "అయితే మాస్టారూ, ఐ హావ్ రిటెన్ అంటే వేడన్నవాండీ?"

పిల్లలంతా గొల్లున నవ్వారు. అది సంతోషపు నవ్వే. మాస్టారికి మాత్రం తనను చూసి నవ్వినట్టు తోచింది.

"వంటింట్లోంచి ఇంగ్లీషు చెప్పేవాళ్ళు కూడా బయల్దేరారు! నీ పని నువ్వు చూసుకో."

ఆవిడ చేట తీసుకుని లేచింది. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది. ఆ తర్వాత ట్యూషను వేళల్లో ఆ తలుపు ఎప్పుడూ పూర్తిగా తెరుచుకోలేదు.

చాలా ఏళ్ళకు జిల్లా అధికారి ఒకరు వచ్చి మాస్టారి తరగతిలో వెనక బల్ల మీద కూర్చున్నారు. అదే గడి దగ్గర పిల్లలు బొమ్మల్లా బిగుసుకుపోయారు. ఏం తోచక మాస్టారి నోట్లోంచి తపేలా వచ్చేసింది: పొయ్యి మీదిది, దించినది, బోర్లించినది. తరగతి ఒక్కసారిగా వెలిగింది. ఆ ఏడు ఆయనకు జిల్లా ఉత్తమ ఉపాధ్యాయుడి సన్మానం జరిగింది. వేదిక మీద నన్నూ వేలాడదీశారు.

"ఈ ఉపాయం ఎలా తట్టిందండీ మీకు?" అని అడిగారు అధికారి.

రెండో వరసలో ఆవిడ కూర్చుని ఉంది. మాస్టారు అటు చూశారు. మైకు సవరించుకున్నారు. "ఏదో... అనుభవం సార్" అన్నారు.

అందరితోపాటు ఆవిడా చప్పట్లు కొట్టింది.

తిరుగు బస్సులో నన్ను చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. "తపేలా మాట అందరికీ బాగా నచ్చిందండీ" అంది. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేదేమో, ఆయనకు బదులు చెప్పడం తేలికయ్యేది.

"గొడుగు మర్చిపోలేదుగా?" అన్నారు మాస్టారు, కిటికీలోంచి చూస్తూ.

ఆ తర్వాత ఎన్నో మీటింగులు, ఎన్నో శిక్షణ తరగతులు. ప్రతిచోటా ఆ తపేలా, ప్రతిచోటా చప్పట్లు. ఈసారి చెబుదాం అన్నట్టు ఆయన గొంతు సవరించుకోవడం నేను చాలాసార్లు విన్నాను. తర్వాత మంచినీళ్ళు తాగేవారు.

ఆయన రిటైరయ్యారు. నేను బడి బీరువాలో ఉండిపోయాను. మొన్నీమధ్య తరగతి గదులకు పాఠాలు చూపించే పెద్ద డిజిటల్ తెరలు వచ్చాయి. పనికిరాని వస్తువుల జాబితాలో విరిగిన కుర్చీలకూ తుప్పు పట్టిన గంటకూ మధ్య నా పేరు ఎక్కింది. పాతసామాను బండికి ఎత్తే ముందు ఇంగ్లీషు టీచరు నన్ను విప్పి చూసింది. జుట్టు నెరిసినా ఆ పెద్ద కళ్ళను గుర్తుపట్టాను. మస్తానమ్మ! వెంటనే ఫోను చేసింది. "మాస్టారూ, అమ్మగారి చేతిరాత చార్టు దొరికిందండీ. అమ్మగారు పోయి ఎనిమిదేళ్ళయినా అక్షరాలు అలాగే ఉన్నాయి." ఆవిడ లేదన్న సంగతి నాకు తెలిసింది అప్పుడే.

మాస్టారు మర్నాడే వచ్చారు. ఒక్క పీరియడు ఇమ్మని మస్తానమ్మను అడిగారు. నన్ను మేకుకు తగిలించి, తపేలా సంగతి చెప్పి, పిల్లలు నవ్వాక ఆగారు. ఈసారి మంచినీళ్ళ వైపు చూడలేదు.

"ఇది నా ఉపాయం కాదు. మా ఆవిడ శేషారత్నానిది. ఈ చార్టు రాసింది కూడా ఆవిడే. నేను ఎక్కడా చెప్పలేదు."

ముందు బల్ల మీది పిల్ల లేచింది. "ఆవిడ ఇంకా బాగా చెబుతారా అండీ? ఒకసారి తీసుకురండి."

మాస్టారు నా వైపు తిరిగారు. నాలో పన్నెండు గళ్ళున్నా ఆయనకు అక్కరకొచ్చేది ఒక్కటీ లేకపోయింది. మస్తానమ్మ వచ్చి పక్కన నిలబడింది. "నాకెప్పుడో తెలుసు మాస్టారూ. ఆ రోజు నేనక్కడే ఉన్నాగా. బోర్డు మీద మీ రాతా చూశాగా" అంది మెల్లగా. తన కలం తీసి ఇచ్చింది. పూలతీగ మధ్య ఆయన తన పేరు కొట్టేసి శేషారత్నం గారి పేరు రాశారు. అక్షరాలు వంకరగా వచ్చాయి.

ఇప్పుడు నేను మాస్టారి వంటింటి గోడ మీద ఉన్నాను. ఆవిరికి కాగితం పాడవుతుందని మస్తానమ్మ చెప్పి చూసింది. ఆయన వినలేదు. వెనక పంచె ముక్క ఉందిగా, ఇంకొన్నాళ్ళు ఓర్చుకుంటాను.

మధ్యాహ్నం ఆయనే అన్నం వండుకుంటారు. తపేలా దించి, మూత తీసి, పొగలు వస్తుండగా నా కింది మూల వైపు చూస్తూ కూర్చుంటారు. అన్నం చల్లారాక తింటారు.