క్యాసెట్ అట్ట మీద లేని ముఖం

రేవుపట్నం ఒరాన్‌లో ఆ ఏడాది టాక్సీ ఎక్కినవాళ్ళెవరూ నార్జిస్ పాట వినకుండా దిగలేదు. "సముద్రమా, వాణ్ణి నువ్వు పట్టుకుపోయావు, ఉప్పు నాకొదిలేశావు" అని ఆమె గొంతు సాగుతుంటే డ్రైవర్లు ఎర్రలైటు దగ్గర స్టీరింగు మీద దరువేసేవాళ్ళు. క్యాసెట్ అట్ట మీద పసుపుపచ్చ జుట్టు పిల్ల ఒకతె నవ్వుతుండేది. ఆ పిల్ల ఏ దేశపు పోస్టుకార్డులోంచి వచ్చిందో క్యాసెట్ తయారుచేసి అమ్మే బెన్ఔదాకే తెలియదు.

పాడింది మాత్రం ముఖ్తారియా. నలభైకి దగ్గరపడ్డ మనిషి. మొగుడు వదిలేశాక పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ గదుల్లో డప్పు ఒళ్ళో పెట్టుకుని పాడుతూ బతుకుతోంది. మగవాళ్ళ ముందు పాడితే ఇంటి పరువు పోతుందని అన్న లఖ్దర్ కట్టడి. అందుకే బెన్ఔదా కొట్టు వెనక, చప్పుడు బయటికి పోకుండా గోడలకి గుడ్ల అట్టలు అంటించిన చిన్న గదిలో దొంగచాటుగా రికార్డు చేసింది. వాద్యగాడు మిలూద్ సింథసైజర్, అంటే కరెంటు కీబోర్డు, వాయించాడు. ఆ విదేశీ పెట్టెలో ఆమె పాడే స్వరాలన్నీ లేవు. రెండు మెట్ల మధ్య దాక్కున్న స్వరం కావలసి వచ్చినప్పుడల్లా మిలూద్ పక్కనున్న చిన్న చక్రాన్ని బొటనవేలితో నెమ్మదిగా వంచేవాడు. స్వరం ఏడ్చినట్టు జారి ఆమె గొంతును కలుసుకునేది.

రేడియో ఎన్నడూ తాకని ఆ పాటలకు, ఆ వేసవిలో ఊరి ఆరుబయలు థియేటర్‌లో పండగ చేస్తున్నారని, దాన్ని రేడియోలోనూ వినిపిస్తారని కబురొచ్చింది.

"నార్జిస్‌ని పిలిచారు," అన్నాడు బెన్ఔదా. "బట్టల కొట్లో పనిచేసే పిల్లనొకదాన్ని మాట్లాడాను. జుట్టుకి రంగేయిస్తాను. అది పెదాలాడిస్తుంది, క్యాసెట్ పాడుతుంది."

ముఖ్తారియా పుదీనా టీ గ్లాసు కింద పెట్టింది. "మరి నేనో?"

"ఇంట్లో కూర్చుని రేడియోలో విను. మన పాట రేడియోలో రావడమంటే మాటలా?"

"నేనే పాడతాను."

"అద్దంలో చూసుకున్నావా? కుర్రాళ్ళు వచ్చేది అట్ట మీది పిల్ల కోసం."

"అయితే ఆ అట్టనే పాడమను."

మూలన తీగలు చుట్టుకుంటున్న మిలూద్ తలెత్తకుండానే అన్నాడు, "అక్క పాడితేనే వాయిస్తాను బెన్ఔదా. క్యాసెట్ పాడితే నీకు నాతో పనేముంది? నా పెట్టె నేను పట్టుకుపోతాను. వేదిక మీద వాయించేవాడు లేకపోతే అది క్యాసెట్టని అందరికీ తెలిసిపోతుంది."

బెన్ఔదా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "రాళ్ళు పడితే నన్ననకండి," అన్నాడు చివరికి.

ఆమెకు రాళ్ళ భయం లేదు. అన్న భయమే. మర్నాడు పొద్దున్నే చేపల బజారుకి వెళ్ళింది. లఖ్దర్ సార్డీన్లు తూస్తూ కూనిరాగం తీస్తున్నాడు. బల్ల మీది టేప్‌రికార్డరులో ఆమె గొంతే మోగుతోంది. ఏడాదిగా అతను ఆ పాట వింటున్నాడు, ఏడాదిగా ఆమె నోరు మూసుకుంది.

"అన్నయ్యా, ఆ పాడేది నేను."

"ఏది?"

"అదే. నార్జిస్ అంటూ ఎవరూ లేరు. గురువారం థియేటర్‌లో అందరి ముందూ పాడుతున్నాను. ఇంకొకరు చెప్పేలోపు నేనే చెబుదామని వచ్చాను."

లఖ్దర్ పొలుసులంటిన వేలితో టేపు ఆపేశాడు. బుట్ట పట్టుకు నిలబడ్డ లావుపాటి ఆవిడ, "ఎందుకాపావయ్యా, బాగుంటేను?" అంది.

"ఈ పాట ఇక నా కొట్లో మోగదు."

"అయితే నా సార్డీన్లు పక్క కొట్లో కొనుక్కుంటాను," అని ఆవిడ నడిచింది.

"ఇంటికి పో," అన్నాడు లఖ్దర్ చెల్లెలితో.

"పోతాను. గురువారం మాత్రం థియేటర్‌కి పోతాను." గట్టిగానే అని వెనుదిరిగింది.

గురువారం మధ్యాహ్నం ఆమె ఆకుపచ్చ గౌను మీద బంగారు పటకా బిగించి మెట్లు దిగేసరికి గుమ్మం ముందు లఖ్దర్ చేపల వ్యాను ఆగి ఉంది.

"ఎక్కు."

"ఎక్కడికి?"

"నువ్వు టాక్సీలో పోతే, లఖ్దర్ చెల్లెలు దిక్కులేనట్టు ఒంటరిగా పోయిందంటారు. పోయే పరువు నా బండిలోనే పోనీ."

సగం దారిలో అన్నాడు, "సముద్రమా అనే చోట అమ్మ కూడా అలాగే సాగదీసేది. ఎలా పోల్చుకోలేకపోయానో."

ఆమె ఆ ఒక్క మాటనే లోగొంతుకతో అమ్మలా సాగదీసి చూసుకుంది.

ఆమె వేదికెక్కేటప్పటికి ఎండ ఇంకా జనం కూర్చున్న మెట్ల మీదే ఉంది. ప్రతి ముఖమూ కనిపిస్తోంది. "నార్జిస్!" అని పిలిచినప్పుడు లేచిన ఈలలు ఆమెను చూడగానే ఆగిపోయాయి.

"ఎవరీ పిన్ని?"

"నార్జిస్ వాళ్ళమ్మరా."

"పిల్లని పంపు పిన్నీ, చూసుకుంటాం."

నారింజ తొక్క ఒకటి వచ్చి ఆమె పాదం మీద పడింది. పెళ్ళివారి గదుల్లో, వియ్యపురాళ్ళ తగాదాల మధ్య పాడి నెగ్గిన మనిషి ఆమె. మైకు దగ్గరకు లాక్కుంది.

"పెళ్ళిచూపులకొచ్చారా నాయనా? కూర్చోండి. ముందు అమ్మ పాట వినండి."

నవ్వారు. ఆ నవ్వు అణగకముందే, వాద్యమేదీ లేకుండా, "యా రాయీ..." అని, 'ఓ నా బుద్ధీ' అనే తమ పాటల పాత పిలుపు ఎత్తుకుంది. ఆ పిలుపు మెట్లన్నీ ఎక్కి, పైన కోట ఉన్న కొండను తాకి వచ్చినట్టనిపించింది. ముందు వరసలో ఒకడు లేచి నిలబడి, "ఒరే, ఆ గొంతేరా," అన్నాడు. ఆ మాట వరస వెంబడి వరస పాకింది. మిలూద్ అందుకున్నాడు. డ్రమ్ మెషిన్ దడదడలాడింది. "సముద్రమా" అని ఆమె ఆగితే, మిగతాదంతా వేలమంది పాడారు. ఆమె మైకు వాళ్ళవైపు చాచింది. కన్నీళ్ళు తుడుచుకోలేదు.

పాటయ్యాక వ్యాఖ్యాత, "మన నార్జిస్!" అని అరవబోతే ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"నార్జిస్ కాదు, ముఖ్తారియా. చేపల లఖ్దర్ చెల్లెల్ని."

థియేటరంతా ఆ పేరు పట్టుకుంది. వేదిక పక్కన చేతులు కట్టుకు నిలబడ్డ లఖ్దర్‌ని ఒకడు మోచేత్తో పొడిచాడు. "నిజంగా నీ చెల్లెలేనా?"

"కళ్ళు లేవా? ముక్కు చూడు, ఇద్దరిదీ ఒకటే," అన్నాడు లఖ్దర్. చెప్పాక కట్టుకున్న చేతులు విప్పి చప్పట్లు కొట్టాడు.

మళ్ళీ పాడమన్నారు. పాడింది. ఇంకోసారి అన్నారు. ఈసారి ఆమె నోటికి ఎక్కడా పాడని చరణమొకటి వచ్చింది. నా పేరు నేనే పిలుచుకున్నాను, ఊరు ఊరంతా పలికింది అని. అది ఎటు పోతుందో ఆమెకే తెలియదు. మిలూద్ నవ్వుతూ, బొటనవేలు చక్రం మీద పెట్టుకుని ఆమె వెంట పరుగెత్తాడు.