కరెంటు మాఫీ

గిరాకీ అంతా ఒక్క పూటే మీదపడితే ఎంత పెద్ద అంగడైనా చేతులెత్తేస్తుందని దుప్పట్ల వ్యాపారి ముజఫ్ఫర్ అలీకి బాగా తెలుసు. గల్ఫ్‌లో, అల్ హిలాల్ పేటలో నాలుగు కుటుంబాలు అద్దెకు పంచుకున్న తన విల్లాకూ అదే లెక్క వర్తిస్తుందని మాత్రం ఆ చలికాలం దాకా తోచలేదు.

జగిత్యాల నుంచి కూతురు ఫరీదాను చూడవచ్చిన అత్త తహెరున్నీసా వల్ల తోచింది. ఒకనాడు ఇంటి యజమాని వచ్చి, గదిగదికీ ఉన్న హీటర్లు చూసి, "కుల్లు హీటర్, బాదేన్ కహ్రబా మాఫీ" అని అరబీలో హెచ్చరించి పోయాడు. అన్నీ ఒకేసారి వేస్తే కరెంటు ఉండదని ఆయన మాట. కహ్రబా అంటే కరెంటని ఆమె వచ్చిన రోజే నేర్చుకుంది. ఇక మాఫీ సంగతంటారా, రుణమాఫీ ఎరగని మనిషా! తలుపు తలుపూ తట్టి చెప్పింది.

"సేఠ్ కరెంట్ మాఫీ చేసిండు. వణుకుడెందుకు, వేసుకోండ్రి."

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు కాగానే అందరూ వేసుకున్నారు. హీటర్లు, గీజర్లు, ఇస్త్రీపెట్టెలు. విల్లా అంతా చీకటైంది. మేడమీద ఉండే శ్యామల కూతురు తన్మయికి ఉబ్బసం. మందు పట్టే మిషను సగంలో ఆగిపోయింది. మెయిన్ పెట్టె తాళం యజమాని దగ్గర, ఆయనేమో ఎక్కడో దూరాన మదీనత్ అల్ షమాల్‌లో. ముజఫ్ఫర్ పిల్లను కార్లో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఊపిరి తేరుకుంది కానీ, వారం పాటు రోజూ సాయంత్రం మందు పట్టాలని, మధ్యలో ఆగితే మళ్ళీ ఆసుపత్రే అని చెప్పి పంపారు.

"ఈడ మాఫీ అంటే లేదు అని, అమ్మీ," అంది ఫరీదా.

"మా దగ్గర గూడ ఆఖరుకు గదేనే, బిడ్డా," అంది తహెరున్నీసా. అందరూ నవ్వినా ఆమె నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే, యజమాని వచ్చి కరెంటు వేసి పోగానే, మళ్ళీ అవే తలుపులు తట్టింది.

"మా బాయిలకాడ మోటర్లన్నీ ఒక్కపారే వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుండె. వంతులు పెట్టుకున్నం. ఈడ గూడ గంతే. పొద్దుగూకితే మొదటి వంతు పిల్లది."

"మా ఆయన డ్యూటీ నుంచొచ్చి చన్నీళ్ళు పోసుకోవాల్నా, ఖాలా?" అంది పక్క గది నౌషీన్.

"జర ఆగుమను. నీళ్లు పారిపోవు."

స్నానాలు, ఇస్త్రీలు మధ్యాహ్నానికి మారాయి. కూర ఎండ ఉండగానే వండి హాట్‌బాక్సులో పెట్టారు. తలుపు సందుల్లో పాత గుడ్డలు కుక్కారు. చీకటి పడగానే కింది మూడు కుటుంబాలూ ఫరీదా గదిలో ఒకే హీటరు చుట్టూ, ముజఫ్ఫర్ అంగడి దుప్పట్లలో చేరాయి. గిరాకీకి తగ్గట్టు సరుకు పెంచే వ్యాపారుల్ని అతను చాలామందిని చూశాడు. గిరాకీనే జరిపి కూర్చోబెట్టిన మనిషిని చూడటం ఇదే మొదలు. ఈమె బజారులో కూర్చుంటే మన అంగళ్లకు తాళాలే అనుకున్నాడు.

ఆ సాయంత్రం ఉత్తరపు గాలి కోస్తోంది. పైన మిషను రొద వినపడుతూనే ఉంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. తహెరున్నీసా తలెత్తి బల్బు చూసింది. వెలుగుతూనే ఉంది.

మెట్ల మీంచి శ్యామల వంగి చూసింది. "మందు మొత్తం అయిపోయిందండీ, పెద్దమ్మగారూ. పిల్ల హాయిగా నిద్రపోయింది."

తహెరున్నీసా కాళ్ళు చాపుకుంది. "నౌషీన్, లే. ఇగ నీ గీజర్ వేస్కో."