గోడ వెనక దెయ్యమ్మ

దెయ్యమ్మ మోకాళ్ళ మీద పాక్కుంటూ సందు చివరికి చేరి, పీట మీది దుమ్ము దులిపి కూర్చుంది. రెండు గోడల మధ్య ఆ సందు ఎంత ఇరుకంటే, జుట్టు ముడి బిగించుకోవాలన్నా మోచేతులు గోడలకి కొట్టుకుంటాయి. ముందు గోడలో, నేలకి దగ్గరగా, చిటికెనవేలు పట్టేంత కన్నం ఉంది. అందులోంచి ఒక దారం అవతలి గదిలోకి పోతుంది. చేపలు పట్టేవాళ్ళు వాడే నైలాన్ దారం, నిలబడి చూసేవాళ్ళ కంటికి ఆనదు. దాని రెండో కొస ఊగుడు కుర్చీ వెనక కాలికి కట్టి ఉంది.

తన వైపు కొసకి ఆమె ఒక గుడ్డ చుట్టింది. ఉత్త దారం చెయ్యి కోసేస్తుంది. పనిలో చేరిన కొత్తలో అరచేతికి అడ్డంగా ఎర్రటి గీత పడి, గిన్నె తోమినప్పుడల్లా మండేది. అప్పుడే మొగుడి పాత గళ్ళ చొక్కా చెయ్యి ఒకటి కత్తిరించి తెచ్చుకుంది. రోజూ సాయంత్రం దాన్ని విప్పి సంచిలో వేసుకుని పోతుంది, ఉతికి ఆరేస్తుంది, పొద్దున్నే తెచ్చి మళ్ళీ చుడుతుంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. వెనకే మొగుడి గొంతు.

“రండి, రండి. తలలు జాగ్రత్త. ఈ ఇంట్లో తలకి బొప్పి కడితే అది దెయ్యం పని కాదు, గుమ్మం పని.”

నవ్వులు. ఏళ్ళ తరబడి అదే హాస్యం. గోడ వెనక దెయ్యమ్మ పెదాలు కూడా ఆ మాటల్ని చప్పుడు లేకుండా పలికాయి.

గుట్ట మీది ఈ పాత మేడని చూడ్డానికి ఎక్కడెక్కడివాళ్ళో వస్తారు. కథ చెప్పేది ఆమె మొగుడు, కుర్చీ ఊపేది ఆమె. గుట్ట కింది వీధిలో ఆయన్ని కథలాయన అంటారు, ఆమెని దెయ్యమ్మ అంటారు. కూరల కొట్లో కూడా, “దెయ్యమ్మగారొచ్చారు, ముందు ఆవిడకి తూచండ్రా!” అని ఆటపట్టిస్తారు. బయటివాళ్ళకి మాత్రం ఎవరూ చెప్పరు. ఆ వీధి మొత్తం కాపాడుకొస్తున్న రహస్యం అదొక్కటే.

పొద్దున ఇద్దరికీ ఇంట్లో పడలేదు. అందుకే ఆమె దారాన్ని మామూలు కంటే గట్టిగా పట్టుకుంది.

“ఈ గదిలోనే,” అన్నాడు కథలాయన గొంతు తగ్గించి, “కలప వ్యాపారి తన భార్యని బంధించాడు. ఆవిడ పుట్టింటి ఆస్తి కావాలి, ఆవిడ అక్కర్లేదు. రోగమొచ్చి పోయిందని ఊరందరికీ చెప్పి, ఖాళీ పెట్టెని పాతిపెట్టాడు. ఏడ్చాడు కూడా. పాపం ఆ ఇల్లాలు మహా శాంతమూర్తి.”

కుర్చీ కిర్రుమంది.

ఆయన గొంతు సవరించుకుంటే ఆమె దారం లాగాలి. అది వాళ్ళ గుర్తు. ఆయన ఇంకా సవరించుకోలేదు.

“ఎప్పుడూ... గొంతెత్తి ఎరగదు.”

కిర్రు. కిర్రు.

జనం గోడ వైపు జరిగిన చప్పుడు. కథలాయన పంతం పట్టాడు. “మొగుడి మాటకి ఎదురు చెప్పేది కాదు.”

కుర్చీ నేల అదిరేలా ఎగిరి పడింది. ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. ఎవరో మగమనిషి అంతకంటే సన్నగా కెవ్వుమన్నాడు.

“...అని ఆ వ్యాపారి చెప్పుకునేవాడు!” అని కథలాయన గబగబా సర్దుకున్నాడు. “ఆవిడకి ఆ మాట ఇప్పటికీ నచ్చదు.”

గోడ వెనక దెయ్యమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు దగ్గయింది. కథలాయన ఆ దగ్గుని కూడా కథలో కలిపేసుకున్నాడు. “విన్నారుగా? గదిలో గాలి ఆడక ఆవిడకి వచ్చిన దగ్గు అది.”

అసలు గొడవ ఆ దగ్గే. సందులో దుమ్ము ఇక పడదని డాక్టరు తేల్చేశాడు. మేడ యజమాని కుర్చీ కింద పెట్టే మోటారు తెప్పించాడు, రేపు బిగిస్తారు. ఈ రోజే దెయ్యమ్మకి ఆఖరు. దానికి ఆమె ఏమీ బాధపడలేదు. ఒకటే అడిగింది. తను ఇన్నేళ్ళు ఊపిన కుర్చీ ఊగుతుంటే ఒక్కసారి, జనంలో నిలబడి, ముందునుంచి చూడాలి. కిర్రు వినడమే, దారంలో బరువు తెలియడమే తప్ప ఆమె ఏనాడూ దాన్ని చూడలేదు. మోటారుతో ఊగేది తనకి అక్కర్లేదు. ఈ దారంతో ఊగేదే చూడాలి. కుదరదన్నాడు కథలాయన.

మధ్యాహ్నం టికెట్ల గదిలో డబ్బాలు విప్పుకుని కూర్చున్నాక మళ్ళీ అడిగింది. టికెట్లు చింపేది ఆమె ఆడపడుచు, కథలాయన సొంత చెల్లెలు. ఆవిడ తింటున్నది ఆపి మరీ వింటోంది.

“చూసి ఏం చేస్తావు? ముందుకీ వెనక్కీ ఊగుతుంది. అంతే,” అన్నాడు కథలాయన.

“అంతేనా? ఆ మాత్రానికేనా జనం బస్సులు కట్టుకుని వస్తున్నారు?”

“నువ్వు ఇవతల నిలబడితే అవతల లాగేదెవరు? మీ అమ్మా?”

“మా అమ్మ జోలికి వెళ్ళకండి. మీరే లాగండి.”

“నేనా? ఈ పొట్టేసుకుని ఆ సందులోకా?”

“పొట్ట కాదు వదినా అసలు సంగతి,” అంది ఆడపడుచు. “చిన్నప్పుడు పెరట్లో పంపు దగ్గరికి పోవాలన్నా నన్ను తోడు లాక్కుపోయేవాడు. చీకటంటే అన్నయ్యకి గడగడ.”

“నోర్ముయ్యవే.”

“ఇదిగో, ఇప్పుడు కూడా చెమటలు చూడు!”

కథలాయన డబ్బా మూత టప్పున పెట్టి లేచిపోయాడు. నిజానికి ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా ఆ సందులోకి తొంగి చూడలేదు. చెప్పీ చెప్పీ తన కథని ముందుగా నమ్మింది ఆయనే. దెయ్యమ్మకి ఆయన భయం సంగతి పెళ్ళయిన కొత్తలోనే తెలుసు. ఎప్పుడూ పైకి అనలేదు.

ఆమె సంచి వెతుక్కుంది. అందులో గళ్ళ గుడ్డ ఉంది. పొద్దుటి జనం వెళ్ళిపోగానే దాన్ని విప్పి తెచ్చేసింది. అంటే ఆమె మనసు అప్పుడే నిర్ణయం తీసుకుంది.

“ఒక టికెట్ చింపు,” అంది ఆడపడుచుతో.

“వదినా! అన్నయ్య చచ్చిపోతాడు.”

“చస్తే ఇక్కడే ఉద్యోగం ఇప్పిస్తాలే.”

సాయంత్రం ఆఖరి గుంపులో పళ్ళ డాక్టరు ఒకాయన వచ్చాడు, వెంట అత్తగారు. గేటు దగ్గరే అందరికీ వినబడేలా చెప్పాడు, “అంతా మోసం అత్తయ్యా. వైరో స్ప్రింగో ఉంటుంది. నేను పట్టుకుని చూపిస్తాగా!” జేబులోంచి సన్నటి టార్చి తీశాడు. రోజూ నోళ్ళలోకి వేసి చూసేదే.

వరసలో ఆయన వెనకే, సంచి భుజాన వేసుకుని, పెళ్ళికి వెళ్ళేదానిలా తల దువ్వుకుని, దెయ్యమ్మ నిలబడి ఉంది. కథలాయన టికెట్లు చూసుకుంటూ వచ్చి ఆమె ముందు ఆగాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

“టికెట్,” అన్నాడాయన చెయ్యి చాచి.

“ఇదిగోండి,” అందామె, ఎవరో పరాయివాడికి ఇచ్చినట్టు.

రోజూ పెరటి మెట్ల మీదుగా సందులోకి పోవడమే కాబట్టి, లోపల నడుస్తుంటే ఆమెకి అన్నీ కొత్త. చప్పుళ్ళుగా తెలిసిన ఇంటిని కళ్ళతో చూస్తోంది. రోజూ మూలిగే మెట్టు ఇదన్నమాట. ఆయన రోజూ చెప్పే, తాడు తెగిన గంట ఇదా! గుమ్మం దగ్గర మొగుడు తలల హాస్యం చెప్పినప్పుడు అందరికంటే గట్టిగా నవ్వింది. చెప్పేటప్పుడు ఆయన కనుబొమ్మ ఒకటి పైకి లేస్తుందని ఇన్నాళ్ళూ తెలియదు.

గది చిన్నది. ఒకటే కిటికీ, దానికి కమ్మీలు, కమ్మీల నీడలు నేల మీద. మధ్యలో కుర్చీ. చేతులు అరిగి నున్నబడిన చెక్క, వీపు దగ్గర కాస్త కుంగిన అల్లిక. అనుకున్నదానికంటే చాలా చిన్నగా ఉంది. దెయ్యమ్మ దాన్ని చూసి, “ఇంతేనా నువ్వు!” అన్నట్టు ముద్దుగా తల ఊపింది.

డాక్టరు అప్పుడే మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేశాడు. వెలుగు కుర్చీ కాళ్ళ మీదుగా వెనక్కి పాకుతోంది. ఇంకొక్క జానెడు పోతే దారం.

“డాక్టరుగారూ!” దెయ్యమ్మ ఆయన పక్కన చతికిలబడి నోరు బార్లా తెరిచింది. “ఈ వెనక పన్ను ఒకటే సలుపు. కాస్త చూద్దురూ, మీకు పుణ్యముంటుంది!”

తెరిచిన నోరు కనిపిస్తే ఆయన చూడకుండా ఉండలేడు. టార్చి ఇటు తిరిగింది. “పిప్పి పన్ను. తీయించెయ్యాలి,” అన్నాడు గంభీరంగా. లేచేసరికి వెతుకుతున్నది మరిచిపోయాడు.

కథలాయన ఇదంతా చూశాడు. ఇక కథ ఎత్తుకున్నాడు. ఖాళీ పెట్టె సంగతి చెప్పాడు. వంటావిడ ఈ గోడ వెనక సందులోకి పాక్కుంటూ వచ్చి, కన్నంలోంచి రొట్టె ముక్కలు తోసేదని చెప్పాడు. మాట్లాడితే వ్యాపారికి వినబడుతుంది. అందుకని లోపలున్న ఇల్లాలు కుర్చీ ఊపేది. కిర్రుమంటే, బతికే ఉన్నానని అర్థం. వంటావిడ ఆ చప్పుడు విని వెళ్ళిపోయేది.

“ఒక రోజు వంటావిడ వచ్చి కూర్చుంది. చెవి గోడకి ఆనించింది...”

ఆయన గొంతు సవరించుకున్నాడు, అలవాటు కొద్దీ.

కుర్చీ కదల్లేదు.

డాక్టరు పెదవి విరిచాడు. అత్తగారు నిట్టూర్చింది. కథలాయన చూపు జనం మీదుగా వెళ్ళి పెళ్ళాం మొహం మీద ఆగింది. ఆమె కుర్చీనే చూస్తోంది, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని, రెప్ప వెయ్యకుండా. ఆమె కళ్ళల్లో అలిగిన జాడ ఏమీ లేదు. ఎదురుచూపు మాత్రం ఉంది.

ఆయన నుదురు తుడుచుకున్నాడు. “ఈ ఘట్టంలో మగ గొంతు వినపడితే ఆవిడ రాదు,” అన్నాడు ఉన్నట్టుండి. “నేను బయటికి పోతాను. మీరెవరూ మాట్లాడకండి.” తలుపు దగ్గరికి లాగి వెళ్ళిపోయాడు.

కథ చెప్పే మనిషి లేని గది ఒక్కసారిగా పెద్దదయిపోయింది. కిటికీ రెక్క గాలికి కదిలినా అందరూ అటు తిరిగారు. గోడలో ఏదో రాసుకుంటున్న చప్పుడు. బరువైనదేదో ఈడ్చుకుంటూ వస్తున్నట్టు. తర్వాత సన్నగా, “అమ్మో... అమ్మో...” అని వణికే గొంతు.

డాక్టరు చేతిలో టార్చి ఆరిపోయింది. ఆర్పింది ఆయనే, కంగారులో.

గోడ పెద్దగా తుమ్మింది.

“చిరంజీవ!” అంది అత్తగారు అలవాటుగా, తను దీవించింది ఎవరినో గుర్తొచ్చి అల్లుడి చెయ్యి పట్టేసుకుంది.

అప్పుడు కుర్చీ ఊగింది.

మొదట ఒక తడబాటు, లేవాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు. తర్వాత వెనక్కి ఒరిగింది, ముందుకి వచ్చింది. కమ్మీల నీడలు దాని చేతుల మీద నుంచి జారి మళ్ళీ ఎక్కాయి. కుంగిన అల్లిక మీద సాయంత్రం ఎండ పడి లేచింది, ఎవరో ఊపిరి తీసుకుంటున్నట్టు. దారం ఎక్కడుందో దెయ్యమ్మకి తెలుసు. ఆమె చూపు అటు పోలేదు. బతికే ఉన్నానని ఎవరో చెబుతున్నారు, అంతే కనిపించింది.

ఆ గదిలో అందరికంటే ముందు అరిచింది దెయ్యమ్మే. అంత హాయిగా ఆమె జన్మలో అరిచి ఎరగదు. ఇక ఎవరూ ఆగలేదు. డాక్టరు, అత్తగారు, తక్కినవాళ్ళు, మెట్ల మీద దబదబ, గుమ్మానికి రెండు తలలు టంగుమన్నాయి. కింద గడ్డి మీద పడి, ఒకరినొకరు చూసుకుని, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వారు. “మోసమన్నారే?” అని అత్తగారు అడిగితే, డాక్టరు బొప్పి తడుముకుంటూ, “వచ్చే వారం మా అన్నయ్యని తీసుకొస్తాను,” అన్నాడు.

జనం వెళ్ళిపోయాక కథలాయన వచ్చాడు. నెత్తి నిండా సాలెగూడు, పొట్ట మీద సున్నం గీతలు, ఒక చెప్పు లేదు. మొహం మాత్రం పరీక్ష గట్టెక్కిన పిల్లాడిలా వెలిగిపోతోంది.

“చక్కగా ఊపారు,” అంది దెయ్యమ్మ.

“నేనా?” ఆయన గొంతు తగ్గింది. కనుబొమ్మ ఒకటి పైకి లేచింది. “సగంలోనే ఇరుక్కుపోయానే. దారం నాకు అందనే లేదు. ఆ కుర్చీ ఊపింది నేను కాదు.”

ఆమె సంచి అందుకోవడానికి ఆయన చెయ్యి చాచాడు. అరచేతికి అడ్డంగా, అప్పుడే పడిన ఎర్రటి గీత.

దెయ్యమ్మ ఆ గీతని చూసింది. ఆయన మొహం చూసింది. ఇంతమందికి దెయ్యాన్ని చూపించిన మనిషి, తనకీ ఒకటి ఇద్దామని తంటాలు పడుతున్నాడు.

“అయితే ఆవిడే అయ్యుంటుంది,” అంది. “ఇన్నాళ్ళూ ఆవిడ తరఫున నేను ఊపాను. ఈ ఒక్క పూట నా తరఫున ఆవిడ ఊపింది.”

“అదే మరి!” అన్నాడాయన సంబరంగా.

ఆమె వెనక్కి తిరిగి మేడ పెరటి మెట్లెక్కింది.

“మళ్ళీ ఎక్కడికే? ఆ దుమ్ములోకి పోవద్దన్నారుగా!”

“ఒక్క నిమిషం. రేపట్నుంచి ఆవిడే లాగుకోవాలిగా. ఉత్త దారం, చెయ్యి కోసుకుపోదూ?”

కథలాయన చెయ్యి చటుక్కున జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నవ్వాపుకోలేకపోయాడు. గోడల మధ్య నుంచి ఆమె నవ్వు కూడా వినిపించింది, వెనకే చిన్న దగ్గు.

గేటు దగ్గర ఆడపడుచు తాళం వేసింది. ముగ్గురూ గుట్ట దిగుతూ డాక్టరు తల ఎలా తగిలిందో ఒకరికొకరు చేసి చూపించుకున్నారు. దెయ్యమ్మ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

పైన, ఇక ఎవరూ రాని సందులో, పీట పక్కన, దారం కొసకి రెండు ముళ్ళు వేసి కట్టిన గళ్ళ చొక్కా గుడ్డ.