ప్రాణమున్న చెక్క

ఆటసామాన్ల కొట్టుకి రెండు రకాల గిరాకీ వస్తుంది. ఏం కావాలో తెలిసి వచ్చేవాళ్లు ఒక రకం. నెపం ఎవరిమీద వెయ్యాలో తోచక వచ్చేవాళ్లు ఇంకో రకం. కొట్టు నడిచేది రెండో రకంతోనే. ఓడిన ప్రతివాడికీ బ్యాటే దొంగ. నేను కాదనను. కాదంటే ఆ బ్యాటు పక్క కొట్టువాడు అమ్ముకుంటాడు.

అందుకే మా అక్క కూతురు ఆ మధ్యాహ్నం వచ్చి, తన టేబుల్ టెన్నిస్ బ్యాట్‌ని కౌంటర్ మీద పడేసి, "మావయ్యా, ఇది చచ్చిపోయింది" అంటే నాకు నవ్వే వచ్చింది.

"అయ్యో పాపం. పాతిపెడదామా, తగలబెడదామా?"

"జోకులు తర్వాత. ఆదివారం ట్రయల్ ఉంది. నాకు కార్బన్ కావాలి. నీ దగ్గరున్నవాటిలో అన్నిటికన్నా స్పీడుది."

దాన్ని మేమంతా పిచ్చుక అంటాం. మనిషి చిన్నది, నిలకడ లేదు, టేబుల్ దగ్గర అటూ ఇటూ గెంతుతూ ఆడుతుంది. కరెంటు కంపెనీవాళ్లు తమ జట్టుకి మనుషుల్ని తీసుకుంటున్నారు. జట్టులోకి వస్తే ఉద్యోగం కూడా వచ్చినట్టే. వచ్చే ఏడాదికి దాని వయసు వాళ్ల నిబంధన దాటిపోతుంది. మా అక్క బట్టలు కుడుతుంది. "ఈసారి కూడా రాకపోతే నా పక్కన ఇంకో కుట్టు మిషన్ వేస్తాను, నోరు మూసుకుని కూర్చో" అని దానికి ముందే చెప్పేసింది. మా అక్క అన్నదంటే చేస్తుంది.

బ్యాట్ తీసి చూశాను. చెక్కలో పగులు లేదు. పిడి కదలడం లేదు. పొరలు విడలేదు. అచ్చంగా చెక్కతో చేసిన మంచి సరుకు, నేనే ఏరి ఇచ్చింది.

"ఏం చేస్తోంది ఇది?"

"ఫోర్‌హ్యాండ్ కొడితే బంతికి దెబ్బ తగిలినట్టే ఉండదు. ఎంత బలంగా కొట్టినా అంతే. బ్యాక్‌హ్యాండ్ మాత్రం బానే ఉంది."

"రబ్బరు అరిగిందేమో."

"రెండు రబ్బర్లూ పీకి అటుది ఇటు, ఇటుది అటు అంటించా. అయినా ఫోర్‌హ్యాండే చచ్చింది. కోచ్ అయితే చెక్క కాదు, నువ్వే పోయావు అంటున్నాడు."

ఒకే చెక్క ఒకవైపు బతికి, ఇంకోవైపు చావడం నేను చూడలేదు. కానీ బేరం మధ్యలో అలాంటివి పైకి అనకూడదు.

రబ్బరు అంటించకముందు ఉండే ఉత్త చెక్కని మేం బ్లేడ్ అంటాం. స్పీడు కోసం చెక్క పొరల మధ్య కార్బన్ నారతో పలచటి పొర పెడతారు. అది ఎక్కడ పెట్టారన్నదాన్ని బట్టి బ్లేడు బుద్ధి ఉంటుంది. పై పొర కిందే పెడితే బంతి తగలగానే తన్నేస్తుంది. నిదానంగా పెట్టాలనుకున్న బంతిని కూడా తన్నేస్తుంది. లోపల, నడిమి చెక్కకి ఆనించి పెడితే మెల్లగా కొట్టినప్పుడు మామూలు చెక్కలా మాట వింటుంది, గట్టిగా కొడితేనే కార్బన్ నిద్ర లేస్తుంది. నాలుగైదు బ్లేడ్లు తీసి, కంపెనీ పేరు చూసి ప్రేమలో పడకుండా పిడులకి కాగితం చుట్టాను. ఇది నా పద్ధతి. ఇంకో పద్ధతి కూడా ఉంది, దాన్ని గిరాకీకి చెప్పను. ఒకసారి చూపించినదాన్నే మళ్లీ కొత్తదానిలా చూపిస్తాను. రెండుసార్లూ ఒకే మాట అంటే కొనేవాడు. లేదంటే మా కొట్లో ఫ్యాన్ గాలికి వచ్చినవాడు.

బ్లేడ్‌ని చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో తట్టి చూడటం ఆటగాళ్లందరికీ అలవాటు. బిరుసు చెక్క ఖంగుమంటుంది, మెత్తనిది బొంగురుగా పలుకుతుంది. పిచ్చుక ఒక్కోటీ కుడిచేత్తో ఎత్తి, చెవి దగ్గర పెట్టి తట్టింది.

"ఇది చచ్చింది. ఇదీ చచ్చింది. ఇదేంటి మావయ్యా, అట్టముక్కా?"

"కొట్టు పరువు తీయకు."

పైపొర కింద కార్బన్ ఉన్న అన్నిటికన్నా బిరుసుదాన్ని తట్టి, "దీనికి కాస్త ఊపిరుంది" అంది.

అప్పుడే టీ వచ్చింది. కుడిచేత్తో గ్లాసు పట్టుకుంది. నేను, ఇందాక పిచ్చుక అట్టముక్క అన్న బ్లేడ్‌నే, లోపలి కార్బన్‌దాన్ని, కొత్తదానిలా అందించాను. ఎడమచేత్తో పట్టుకుని ఎడమ చెవి దగ్గర పెట్టుకుని, "చెయ్యి ఖాళీ లేదు, నువ్వు కొట్టు" అంది. తట్టాను.

దాని మొహం విప్పారింది. "ఇదే! ప్రాణముంది దీనికి. ఇంతసేపూ దీన్ని ఎక్కడ దాచావు?"

దొరికిపోయింది అనుకున్నాను. "అమ్మా కోడలా, ఇందాక నువ్వు అట్టముక్క అన్నది ఇదే."

"ఛ."

"ఒట్టు."

గ్లాసు కింద పెట్టింది. బ్లేడ్‌ని కుడిచేతిలోకి మార్చి, కుడి చెవి దగ్గర పెట్టి తట్టింది. ఇంకోసారి తట్టింది. "ఇది కాదు. మార్చేశావు."

"నీ చేతిలోంచి వదలందే ఎలా మారుస్తానే?"

నవ్వుతూనే అన్నాను ఆ మాట. తర్వాత నవ్వు ఆగింది. ఒకే సరుకుకి ఇద్దరికి రెండు ధరలు చెప్పడం నాకు తెలుసు. ఒకే సరుకు ఒకే మనిషికి రెండు మాటలు చెప్పడం అదే మొదటిసారి చూడటం. కౌంటర్ చుట్టూ తిరిగి దాని కుడిపక్కకి వెళ్లి, చిన్నగా పిలిచాను. బ్లేడ్ వంకే చూస్తూ ఉండిపోయింది. కుడిచేతివాళ్లు ఫోర్‌హ్యాండ్ కుడిపక్కన కొడతారు, బ్యాక్‌హ్యాండ్ ఎడమపక్కన. ఆ చప్పుడు కుడి చెవికే ముందు చేరాలి.

"ఎప్పటినుంచి?" అన్నాను, దాని ఎదుటికొచ్చి.

అడిగింది చెక్క గురించి కాదని దానికి అర్థమైంది. "జలుబు చేసింది కదా, అప్పట్నుంచి దిబ్బడగా ఉంది. జలుబుతోపాటే పోతుందనుకున్నా. జలుబు పోయింది. ఇప్పుడు హోరు." బ్లేడ్ కౌంటర్ మీద పెట్టి, "దానికీ దీనికీ సంబంధం ఉందనుకోలేదు మావయ్యా. నిజంగా. చెక్కే అనుకున్నా" అంది.

"పద డాక్టర్ దగ్గరికి."

"ఆదివారం తర్వాత."

"ఇప్పుడే."

"ఇప్పుడెళ్తే కాగితం మీద పడుతుంది. ఆ కంపెనీవాళ్లు మెడికల్ అడుగుతారు. వినపడనిదాన్ని ఎవరు తీసుకుంటారు?" బిరుసు బ్లేడ్ లాక్కుని గుండెకి ఆనించుకుంది. "ఇది వినపడుతోంది. ఇదే ఇవ్వు. వినపడితే నేను ఆడతా."

"అది నీ చేతిలో నిలవదు. మెల్లగా పెట్టిన బంతి కూడా టేబుల్ దాటిపోతుంది."

"నీకెందుకు? నువ్వు అమ్ముకునేవాడివి, వైద్యం చేసేవాడివి కాదు."

మాట గుచ్చుకుంది. కానీ వ్యాపారం చేసేవాడు మాట పట్టుకోడు, లెక్క పట్టుకుంటాడు. వేశాను లెక్క. ఈ బ్లేడ్ ఇస్తే నా మీద అలగదు. ట్రయల్ పోవచ్చు, ఉండొచ్చు. ఆగినకొద్దీ చెవి మాత్రం ఏమవుతుందో నాకు తెలియదు. తెలియని నష్టం ఉన్న బేరంలోకి నేనెప్పుడూ దిగలేదు. బ్లేడ్ పాడైతే ఇంకోటి తెప్పిస్తాను. చెవి ఏ డీలర్ దగ్గరా దొరకదు.

"నీకు ఇవాళ ఏ బ్లేడూ అమ్మను" అని షట్టర్ లాగేశాను. బడి పిల్లలు వచ్చే వేళ అది.

చెవి డాక్టర్ పరీక్షలన్నీ చేయించి, కాగితం ముందుకి తోసి, "ఇలాంటిదానికి మొదట్లోనే రావాలమ్మా" అంది. మాత్రలు రాసింది. మొత్తం తిరిగి రావొచ్చు, కొంత రావొచ్చు, రాకపోనూ వచ్చు అంది. నేను ఖరారు మాట కోసం రెండు మూడు రకాలుగా తిప్పి అడిగాను. ఆవిడ నాకన్నా గట్టి బేరగత్తె, ఇవ్వలేదు.

మా అక్క మెడలో కొలతల టేపుతోనే ఆస్పత్రికి పరిగెత్తుకొచ్చింది. "పట్టపగలు కొట్టు మూశావని ఎవరో చెప్పారు. నువ్వు కొట్టు మూశావంటే ఎవరో ఒకరు పోయారనుకున్నా!"

చెప్పాను. ముందు నన్ను తిట్టింది. తర్వాత కూతుర్ని తిట్టబోయి, అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది. "పిలిస్తే పలకడం లేదు. పొగరెక్కింది అనుకున్నా. మొన్న చెయ్యి కూడా చేసుకున్నా దీని మీద." టేపుని వేలికి చుడుతూ, విప్పుతూ కూర్చుంది. పిచ్చుక మాత్రం తల్లికి ఎడమవైపున కూర్చోవాలో కుడివైపునో తేల్చుకోలేక అలాగే నిలబడింది.

మర్నాడు పొద్దున పిచ్చుక తనంతట తనే కొట్టుకి వచ్చింది. ట్రయల్‌కి వెళ్తానంది. ఆడొచ్చని డాక్టర్ చెప్పింది కాబట్టి నేను అడ్డు చెప్పలేదు. కొట్టు వెనకగదిలో సరుకు పరీక్షించే టేబుల్ ఉంది. దూది తీసి దాని ఎడమ చెవిలో కుక్కాను.

"ఉన్నది కూడా మూస్తావేంటి?"

"చప్పుడు నీతో అబద్ధం ఆడుతోంది. దాన్ని పక్కన పెట్టు. అరచేతిని అడుగు." వినపడకపోవడంతో "ఆఁ?" అంది. చెయ్యి చూపించి మళ్లీ అరిచాను.

రబ్బరు అంటించిన బిరుసు బ్లేడ్ ఇచ్చి బంతులు వేశాను. సగం బంతులు టేబుల్ దాటి గోడకి తగిలాయి. మెల్లగా కొట్టినా, గట్టిగా కొట్టినా చేతికి ఒకేలా తగులుతోందని చెప్పింది. లోపలి కార్బన్‌ది ఇచ్చాను. మొదట్లో నెట్‌కి కొట్టింది. తర్వాత మెల్లగా పెట్టింది, బంతి నెట్ దాటి అక్కడే చచ్చింది. గట్టిగా లాగింది, నేను అందుకోలేకపోయాను.

"తేడా తెలుస్తోంది" అంది, అవసరానికి మించిన గొంతుతో. "చేతిలో తెలుస్తోంది."

వారమంతా దూదితోనే ఆడింది. ఆట కుదురుకుంది కానీ, మనిషి కుదురుకోలేదు. రోజూ రాగానే బ్లేడొకటి తీసి కుడి చెవి దగ్గర తట్టేది. నేను సరుకు సర్దుతున్నట్టు నటించేవాణ్ణి.

ట్రయల్‌కి ముందురోజు చెవి సంగతి తెచ్చింది. "రేపు వాళ్లకి చెప్పేస్తా."

"పిచ్చా? అడగనిది చెప్పడం ఏ వ్యాపారమే?"

"నువ్వు సరుకులో లోపం కొనేవాడికి చెప్తావా, చెప్పవా?"

"అడిగితే చెప్తా."

"నేను అడక్కముందే చెప్తా. లేకపోతే ఆడుతున్నంతసేపూ బంతిని కాదు, చెవిని కాపలా కాయాలి. రెండు పనులు నావల్ల కాదు."

నాకు దాని లెక్క నచ్చలేదు. తప్పు ఎక్కడుందో మాత్రం చూపించలేకపోయాను.

హాల్లో మ్యాచ్ మొదలయ్యేముందు సెలెక్టర్ దగ్గరికీ, అంపైర్ దగ్గరికీ వెళ్లింది. కుడిపక్కనుంచి పిలిస్తే వినపడదు, ఆపాలంటే చెయ్యెత్తండి అంది. కోచ్ మొహం తిప్పుకున్నాడు. సెలెక్టర్ కాగితం మీద ఏదో రాసుకున్నాడు. మా అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ రాసుకున్నదేమిటో ఇద్దరికీ తెలుసు.

బాగా ఆడింది. చివరి మ్యాచ్ ఓడింది, అయినా ఓడించినామె చెమట తుడుచుకుంటూ కుర్చీ వెతుక్కుంది. ఒక్కసారి మాత్రం పక్క టేబుల్ బంతి దొర్లుకొచ్చింది. అంపైర్ దాని కుడిపక్కనుంచి ఆపమన్నాడు. చెయ్యెత్తడం మర్చిపోయాడు. పిచ్చుక ఒక్కతే ఆడుతూ పోయింది, పూర్తి బలంతో కొట్టి, ఎదుటి మనిషి నిలబడిపోయి ఉండటం చూసి ఆగింది. హాల్లో ఎవరో నవ్వారు.

సెలెక్టర్ మమ్మల్ని పిలిచి, "మీ అమ్మాయి ఆట మాకు కావాలి. చెవి సంగతి మా డాక్టర్ తేల్చాలి. మందులు అయ్యాక మళ్లీ పరీక్ష చేయించుకు రండి, అప్పటిదాకా చోటు ఖాళీగా ఉంచుతాం" అన్నాడు. కొంటానని చెప్పి, సరుకు పక్కన పెట్టించి, బజారంతా తిరిగే గిరాకీలు నాకు తెలుసు. కొందరు తిరిగొస్తారు.

మందులు ఇంకా నడుస్తున్నాయి. మా అక్క రెండో మిషన్ తేలేదు, తేననీ అనలేదు. కూతుర్ని పిలవాలంటే ఎదుటికొచ్చి పిలుస్తోంది.

నిన్న సాయంత్రం పిచ్చుక కొట్టుకి వచ్చి, కాగితం చుట్టిన బ్లేడ్ తీసుకుని కుడి చెవి దగ్గర తట్టింది. చాలాసేపు అలాగే పట్టుకుంది.

"ఏమంటోంది?" అన్నాను, ఎదుట నిలబడి.

"ఏదో అంటోంది మావయ్యా. గోడ అవతలనుంచి అన్నట్టు." బ్లేడ్‌ని ఎడమ చెవికి మార్చి, సరిచూసుకున్నట్టు ఇంకోసారి తట్టింది. "లేకపోతే ఈ చెవిలో విన్నదే ఆ చెవిలో అనుకుంటున్నానేమో."

అది నేనూ చెప్పలేను. బ్లేడ్ తీసుకుని, ఎడమ చెవీ కళ్లూ మూసుకోమని, మళ్లీ కుడివైపుకి వెళ్లి తట్టాను.