క్రీ పూవు రేకలు

ఆ ఇంట్లో వంటగది పక్క గదిలో పళ్ళు తయారయ్యేవి. డాక్టర్లు పంపే నోటి అచ్చుల్లో ప్లాస్టరు పోసి, మైనంతో చిగుళ్ళు దిద్ది, కట్టుడు పళ్ళ సెట్లు చేయడం తల్లి పని. పని లేని పూట అదే బల్ల మీద ఇద్దరు ఆడపిల్లలకి ప్రాచీన చరిత్ర నడిచేది. మైనం చెక్కే కత్తి లేఖకుడి కలం అయ్యేది. మిగిలిపోయిన ప్లాస్టరు పలకలయ్యేది. గులాబీ రంగు మైనాన్ని కడ్డీలా చుట్టి బొమ్మ చెక్కితే వ్యాపారి ముద్ర తయారు, మెత్తటి మట్టి మీద దొర్లిస్తే ఎద్దుల వరస పడేది. ఒకసారి ఎద్దుల పలక ఒకటి పొరపాటున ఆర్డరు పెట్టెలోకి వెళ్ళిపోయింది. పళ్ళ డాక్టరు ఫోను చేసి, "ఈ పేషెంటు ఎవరమ్మా?" అని అడిగాడు.

పెద్దదానికి పదకొండేళ్ళు. దేనికైనా వాదిస్తుంది కాబట్టి ఇంట్లో ప్లీడరు అని పిలుస్తారు. చిన్నదానికి ఏడు. సన్నగా ఉంటుంది, ఎక్కడ పెడితే అక్కడ కనపడకుండా పోతుంది, అందుకని గుండుసూది. బళ్ళో వేసిన ఆరు నెలల్లో గుండుసూది నోరు మూగబోయింది. టీచరు అడిగినా, తోటి పిల్లలు పిలిచినా నేల చూపులే. చివరికి ఇంట్లోనూ అంతే అయింది. డాక్టరు చెవులూ గొంతూ చూసి ఏ లోపమూ లేదన్నాడు. తల్లి ఆ రాత్రి ఏడ్చింది, మర్నాడు ఇద్దరినీ బడి మాన్పించింది. పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న మూడో నెలలో చిన్నదానికి ఒక మాట వచ్చింది, నాలుగో నెలలో పది వచ్చాయి. ఇప్పుడు ఇంట్లోవాళ్ళతో గలగలా మాట్లాడుతుంది గానీ, బయటి మనిషి గడప తొక్కితే చాలు, తలుపు చాటుకి పోతుంది.

తండ్రి బస్సు డ్రైవరు. తనని పెంచి పెద్దచేసిన అక్క గీసిన గీత దాటడు. "ఒక్క ఏడాది చూద్దాం. తర్వాత అక్క వచ్చి పరీక్ష పెడుతుంది. తను సరేనంటే సరే, కాదంటే ఆ పై నెల నుంచి బడి" అన్నాడు. అక్క హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. పిల్లలకి హెడ్మాస్టరత్త.

ఆ ఏడాది ఇవాళ్టితో నిండింది. తల్లిని అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది వరండాలో కట్టిన దారం.

ఆ దారం కథ ఇదీ. పిల్లకి మాటలు మళ్ళీ వచ్చిన కొత్తలో తల్లి పుస్తకం తీసి, "క్రీ.పూ. రెండు వేలు" అని చదివింది. "క్రీ పూ ఏ రంగులో ఉంటుందమ్మా?" అని అడిగింది గుండుసూది. ప్లీడరు పడీపడీ నవ్వింది. తల్లి నవ్వు ఆపుకుని, అది పువ్వు కాదనీ, క్రీస్తు పూర్వం అనీ నచ్చజెప్పింది. పిల్ల బుద్ధిగా తలూపి, వెళ్ళి కాగితం పువ్వులు కత్తిరించడం మొదలెట్టింది. ఏడాది తిరిగేసరికి వరండా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా దారానికి వేలాడే పువ్వులే. ఒక్కో పువ్వు కింద ఒక్కో నగరం, ఒక్కో రాజు, ఒక్కో గోడ. చరిత్రని పూలదండ చేసిన ఇంట్లో పిల్లల చదువు ఏపాటిదో చెప్పడానికి హెడ్మాస్టరు అక్కర్లేదు. అందుకే తల్లి తెల్లారగానే ఆ దారం మీద తడి దుప్పటి ఆరేసింది.

హెడ్మాస్టరత్త పదింటికల్లా వచ్చింది. చేతిలో ఎర్ర పెన్ను ఉంది, కానీ కాగితం లేదు. ప్లీడరు ఎదురెళ్ళి, నది ఒడ్డున ఊళ్ళెందుకు పుట్టాయో, ఇటుకలెందుకు కాల్చారో ఏకరువు పెట్టింది.

"బాగుంది. ఇక నువ్వుండు. చిన్నది చెప్పాలి" అంది అత్త.

గుండుసూది నేల చూసింది.

"తనకి అన్నీ తెలుసు వదినా. మీరు కొత్త కదా" అంది తల్లి.

"మేనత్తని కొత్తేంటమ్మా? నా దగ్గరే పెదవి విప్పని పిల్ల రేపు లోకంలో ఎలా నెగ్గుకొస్తుంది? బడికి పంపించు. నలుగురిలో పడితే అదే వస్తుంది."

మాట మార్చడానికి ప్లీడరు పళ్ళెం తెచ్చింది. అందులో నిన్న చేసిన రొట్టె ఉంది. తిరగలి బదులు రెండు రాళ్ళ మధ్య బార్లీ నూరి, ఉప్పు కూడా వేయకుండా, పాతకాలం వాళ్ళలా వేడి పెంకు మీద కాల్చింది.

"నాలుగు వేల ఏళ్ళ నాటి రొట్టె అత్తా. నానబెట్టుకుని తినాలి."

"నా పళ్ళు మీ అమ్మ చేసినవే. రాళ్ళు కూడా నములుతాయి" అని అత్త గర్వంగా కొరికింది.

టక్కుమంది. రొట్టె విరగలేదు. పై సెట్టు నడిమికి రెండు ముక్కలైంది.

అత్త రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, ముక్కలు తల్లి చేతిలో పెట్టింది. ముప్పై ఏళ్ళు నాలుగొందల మందిని కంటిచూపుతో నిలబెట్టిన మనిషి, పళ్ళు లేకుండా ఒక్క అక్షరం పలకడానికి కూడా ఒప్పుకోలేదు. వేళ్ళతో 'ఎంతసేపు' అని సైగ చేసింది. గంట పడుతుందంది తల్లి. ప్లీడర్ని చీపురిచ్చి పెరట్లోకి తోలి, తను పనిగదిలోకి పరిగెత్తింది. అత్త వెళ్ళి వరండాలో కుర్చీలో కూర్చుంది.

తల్లి ముక్కలు మైనంతో అతికించి, వాటి లోపల ప్లాస్టరు పోసింది. అది గట్టిపడ్డాక అంచులు గీకి, సందులో చిగుళ్ళ ప్లాస్టిక్కు తాలూకు గులాబీ పొడీ ద్రవమూ కలిపి నింపింది. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి. కళ్ళలో నీళ్ళు మాత్రం ఆగడం లేదు. వచ్చే నెల, మళ్ళీ ఆ బెంచీ, మళ్ళీ ఆ నేల చూపులు.

అప్పుడు వినపడింది.

"నీకు కూడా మాట రావట్లేదా అత్తా?"

తల్లి చేయి ఆగిపోయింది. తలుపు సందులోంచి చూసింది. గుండుసూది అత్త కుర్చీ పక్కన నిలబడి ఉంది. అత్త తల అడ్డంగా ఊపింది.

"పర్లేదు. నాక్కూడా రాలేదు చాన్నాళ్ళు. ఏం కాదు" అని ధైర్యం చెప్పి, గుండుసూది ఆ తడి దుప్పటిని ఒక్క లాగు లాగింది. "ఇవి చూడు. ఇది క్రీ పూవు."

తల్లి కళ్ళు మూసుకుంది.

"అమ్మ కాదంటుంది గానీ పువ్వే. ఇదిగో, ఈ నగరం కట్టినప్పుడు పువ్వుకి రెండు వేల రేకలున్నాయి. అన్ని కత్తిరించలేక వందకొకటి పెట్టాను. ఏడాదికో రేక రాలుతుంది. నగరం కాలిపోయినప్పటికి పదిహేడు వందలే మిగిలాయి. మూడు వందలు రాలాయి కదా, అంటే మూడు వందల ఏళ్ళుంది. అందుకే పాతకాలంలో అంకెలు తగ్గుతూ వస్తాయి. అక్క కూడా తికమక పడుతుంది. నేను పడను."

అత్త ముందుకు వంగింది. పక్కనున్న పిల్లల రాతపలక తీసుకుని బలపంతో ఏదో రాసి చూపించింది. గుండుసూది కూడబలుక్కుని పైకి చదివి, జవాబు చెప్పింది.

"అన్నీ రాలిపోతే? అన్నీ రాలిపోతే పిందె వస్తుంది అత్తా. పిందె పెరుగుతుంది కదా, అందుకని అక్కణ్ణుంచి అంకెలు పెరుగుతాయి. మనం కాయలో ఉన్నాం."

అత్త మళ్ళీ రాసింది.

"సున్నా ఎప్పుడు? సున్నా లేదు. ఆఖరి రేక రాలిన మర్నాడే పిందె ఒకటో ఏడు."

అత్త చేతిలో రుమాలు జారి ఒళ్ళో పడింది. ఆమె తీసుకోలేదు. బోసినోటితో, పిల్లలా నవ్వుతోంది.

ఇన్ని నెలలుగా ఆ పువ్వుల కింద నుంచే అటూ ఇటూ తిరిగిన తల్లికి రేకలు తగ్గుతున్నాయన్న సంగతే తెలియలేదు. పిల్ల ముచ్చట పడుతోందనుకుందంతే. సిగ్గూ సంతోషమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. సెట్టు గట్టిపడింది, ఇక మోటారు వేసి మెరుగు పెట్టడమే మిగిలింది. మోటారు వేస్తే ఆ మాటలు వినపడవు. ఆమె గరుకు కాగితం తీసుకుని చేత్తోనే రుద్దింది, వీలైనంత మెల్లగా.

పూర్తయ్యాక గిన్నెలో నీళ్ళు పోసి, సెట్టు అందులో వేసి తీసుకెళ్ళింది. గుండుసూది తొమ్మిదో పువ్వు దగ్గరుంది. అత్త సెట్టుని చూసింది, పిల్లని చూసింది. గిన్నె కుర్చీ కిందకి నెట్టేసి, పిల్ల వైపు తిరిగి కనుబొమ్మలెగరేసింది. తర్వాత ఏమైందని.

సాయంత్రం తండ్రి డ్యూటీ దిగి వచ్చాడు. అక్క అప్పటికే వెళ్ళిపోయింది. బల్ల మీద ఆరీ ఆరని మట్టిపలక ఉంది. దాని మీద మైనం కత్తితో గుండ్రటి అక్షరాలు చెక్కి ఉన్నాయి: 'బడి వద్దు. ముప్పై ఏళ్ళు బల్లగుద్ది చెప్పినా నేనెవరికీ ఎక్కించలేకపోయిన పాఠం ఇవాళ నాకు ఎక్కింది. ఆదివారాలు నేనూ వస్తాను, చదువుకోవడానికి.' కింద సంతకం, పక్కన చిన్న కాయ బొమ్మ.

అతను రెండుసార్లు చదివాడు. అయినా నమ్మకం కుదరక పెద్దదాన్ని పిలిచాడు. "అత్త నిజంగా ఏమంది?"

"పళ్ళు విరిగాక అత్త ఏమీ అనలేదు నాన్నా" అంది ప్లీడరు. "అప్పట్నించీ గుండుసూదే మాట్లాడింది."